మీ బండి – మా జవాబు: ఆరు సిలిండర్ల పాత ఇంజను, సీమ ఎండ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే రకం బండ్ల గురించి ఉన్నాయి. బెంగళూరులోనో హైదరాబాదులోనో పదిహేనేళ్ల నాటి బీఎండబ్ల్యూ చవగ్గా దొరికిందని కొనుక్కొచ్చినవాళ్లు కొందరు, కొందామా వద్దా అని ఊగుతున్నవాళ్లు కొందరు. బానెట్ ఎత్తితే ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న పెట్రోలు ఇంజను. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఆ ఇంజను విప్పి చూసిన మెకానిక్కులు తక్కువ కాబట్టి, నాలుగు సిలిండర్ల బండికి చేసే వైద్యమే దీనికీ చేసేస్తున్నారు. అందుకే ఈ నెల కాలమ్ మొత్తం వాటికే. కడప నుంచి జోంగా అనే పాత ఆర్మీ జీపు గురించి వచ్చిన ఒక ఉత్తరం కూడా చివర్లో చేర్చాను, అదీ వరుస ఆరు సిలిండర్లదే.

ప్రశ్న: అన్నా, బెంగళూరులో 2009 మోడల్ 325ఐ చూసొచ్చాను. 92 వేల కిలోమీటర్లు తిరిగింది, చూడ్డానికి కడిగిన ముత్యంలా ఉంది. ఇంజను వివరాలేంటి, కొనేముందు ఏం చూడాలి? మా మామ అయితే ఆరు సిలిండర్ల బండి మనకెందుకురా, ఇల్లు గుల్లవుతుంది అంటున్నాడు. – ఒక పాఠకుడు, నంద్యాల చెక్‌పోస్టు, కర్నూలు

జవాబు: తమ్ముడూ, ఆ ఇంజను పేరు ఎన్52. 2004లో వచ్చింది, 2015 దాకా తయారైంది. మీరు చూసిన బండిలో ఉన్నది 2,497 సీసీ రకం. బోరు (సిలిండర్ వెడల్పు) 82 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 78.8, కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే నిష్పత్తి) 11:1, పవర్ 218 హార్స్‌పవర్, టార్క్ 250 న్యూటన్ మీటర్లు. టర్బో లేదు, టైమింగ్ బెల్టు లేదు, చైను. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి కాకుండా ఇంటేక్ పోర్టులో పడుతుంది, ఇది మన అదృష్టమనే అంటాను. ఎందుకంటే తర్వాత వచ్చిన ఎన్53 అనే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనుకి గంధకం బాగా తక్కువున్న పెట్రోలు కావాలి, అలాంటిది దొరకని దేశాల్లో కంపెనీ ఎన్52నే అమ్ముతూ వచ్చింది.

ఇంజను లోపలి సరుకు గట్టిదే. ఆయిల్ టైముకి మారుస్తూ, వేడెక్కనివ్వకుండా చూసుకుంటే రెండు లక్షల కిలోమీటర్లు దాటినా మెత్తగా తిరుగుతుంది. దాన్ని చంపేది చుట్టూ ఉన్న రబ్బరు, ప్లాస్టిక్. పదిహేనేళ్ల వేడికి అవి అప్పడంలా పెళుసెక్కుతాయి, మన ఎండకి ఇంకా తొందరగా. కాబట్టి మీరు చూడాల్సింది మీటర్లో కిలోమీటర్ల కంటే ముందు ఆయిల్ కారడం.

ఎలా చూడాలో చెప్తాను. పొద్దున్నే వెళ్లండి, ఇంజను చల్లగా ఉండాలి. ఓనరు ముందే స్టార్ట్ చేసి పెట్టి ఉంటే టిఫిన్ తినొస్తానని చెప్పి వచ్చేయండి, మర్నాడు వెళ్లండి. పైన ప్లాస్టిక్ మూత తీసి, టార్చి వేసి, ముందు వైపు ఆయిల్ ఫిల్టర్ డబ్బా కింద చూడండి. ఆ డబ్బా ఇంజనుకి అతుక్కునే చోట ఒక రబ్బరు ప్యాకింగు ఉంటుంది, వంకర తిరిగిన చిన్న గ్యాస్కెట్, అరచేతిలో పడుతుంది. అది ఎండిపోతే ఆయిల్ సన్నగా జారి సరిగ్గా ఆల్టర్నేటరు, ఏసీలని తిప్పే బయటి బెల్టు మీద పడుతుంది. వేలు పెట్టి తుడిస్తే నల్లటి జిడ్డు వచ్చిందంటే ఆగండి. ఆయిల్ తాగిన బెల్టు జారుతుంది, అంచులు పీచులు లేస్తాయి, ఒకరోజు పుల్లీ మీంచి తప్పుకుంటుంది. మామూలు బండిలో బెల్టు తెగితే కొత్తది వేసుకుంటాం. ఈ ఇంజనులో తెగిన బెల్టు పీచు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ వెనక చుట్టుకుని, ముందు ఆయిల్ సీలుని తోసుకుని ఇంజను లోపలికి పోయిన సందర్భాలున్నాయి. ఆ ముక్కలు కిందికి చేరి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డుపడితే చమురు అందక బేరింగులు పోతాయి. వందల రూపాయల ప్యాకింగు చూసీచూడనట్టు వదిలేస్తే మొత్తం ఇంజను పోయేదాకా వస్తుంది. నేను ఈ బండ్లు చూసేటప్పుడు నా చెయ్యి మొదట వెళ్లేది అక్కడికే.

రెండోది వాల్వ్ కవర్. దాని ప్యాకింగు పోతే ఆయిల్ వేడి ఎగ్జాస్టు మీద పడి కాలుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీ గాలిలో మాడిన నూనె వాసన వస్తోందంటే అదే. కవర్ ప్లాస్టిక్‌దైతే ఒక్కోసారి కవరే చిట్లి ఉంటుంది, అప్పుడు ప్యాకింగు ఎన్నిసార్లు మార్చినా కారుతూనే ఉంటుంది. ఈ పని చేయించేటప్పుడే ఎక్సెంట్రిక్ షాఫ్ట్ సెన్సర్ కూడా చూపించండి. ఈ ఇంజను యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గాలిని థ్రాటిల్‌తో కాకుండా ఇంటేక్ వాల్వులు ఎంత ఎత్తు లేవాలో మార్చి కొలుస్తుంది, 0.18 మిల్లీమీటర్ల నుంచి 9.9 దాకా. ఆ ఎత్తు కొలిచే సెన్సర్‌లోకి ఆయిల్ దిగితే బండి లాగడం మానేస్తుంది, ఐడిల్‌లో ఊగుతుంది, మెకానిక్ ప్లగ్గులూ కాయిల్సూ మార్చుకుంటూ పోతాడు.

మూడోది చాలామందికి తెలియనిది. ఈ బ్లాక్ బయట మెగ్నీషియం, లోపల సిలిండర్లు అల్యూమినియం-సిలికాన్. ఇంజను బరువు తగ్గించడానికి అలా చేశారు. మెగ్నీషియానికి ఇనుప బోల్టు బిగిస్తే తడి తగిలినప్పుడల్లా అక్కడ తినేస్తుంది. అందుకని బ్లాక్‌కి బిగించేవి అల్యూమినియం బోల్టులు, చాలావాటి తలకి నీలం రంగు పూసి ఉంటుంది. విప్పితే మళ్లీ వాడకూడదు, కొత్తవి వేసి చెప్పిన టార్క్‌కి బిగించి, ఆపైన చెప్పినన్ని డిగ్రీలు తిప్పాలి. పాత బోల్టే వేసి బలంగా తిప్పితే తల ఊడి చేతికొస్తుంది, సగం లోపల ఉండిపోతుంది. బండి కొనేచోట ఈ బోల్టుల్లో ఇనుపవి కనిపించాయంటే, ఇంతకు ముందు ఎవరో తెలియక చెయ్యి పెట్టారని అర్థం. అదే కారణంతో ఈ సిలిండర్లని మన ఊరి లేత్ షాపులో మామూలు ఇనుప బ్లాక్‌లా బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేద్దామనుకోకండి, ఆ సిలిండర్ గోడ తీరే వేరు.

ఆయిల్ 6.5 లీటర్లు పడుతుంది, లాంగ్‌లైఫ్-01 అని రాసి ఉన్న పూర్తి సింథటిక్. కొలిచే పుల్ల ఉండదు, స్క్రీన్‌లో చూసుకోవాలి, అదీ ఇంజను బాగా వేడెక్కాకే సరిగ్గా చూపిస్తుంది. కంపెనీ చెప్పిన దూరం కంటే ముందే, 8 నుంచి 10 వేల కిలోమీటర్లకే మార్చేయమని నా మాట.

ఇవన్నీ బాగుండి, రేటు కుదిరితే కొనండి. 2009 బండి కాబట్టి 15 ఏళ్లకి ఆర్‌సీ రెన్యువల్ చేయించారా లేదా కాగితం చేతిలో పట్టుకుని చూడండి. రెన్యువల్ ఒకసారికి ఐదేళ్లే. బండి కర్ణాటకది కాబట్టి ఎన్‌ఓసీ, మన దగ్గర లైఫ్ ట్యాక్సు కూడా లెక్కలో కలుపుకోండి. మామకి రేటు ఒక్కటే చెప్పకుండా, మొదటి ఏడాది రిపేర్లకి విడిగా డబ్బు పెట్టుకున్నానని కూడా చెప్పండి.

ప్రశ్న: సార్, నాది 2008 బీఎండబ్ల్యూ 523ఐ. ఏప్రిల్‌లో బెంగళూరు నుంచి వస్తూ మరూరు టోల్ గేటు దాటాక స్క్రీన్ మీద ఇంజను వేడెక్కిందని ఎర్ర గుర్తు వచ్చింది, ఫ్యాను విమానంలా అరిచింది. కూలెంట్ చుక్క కూడా కారలేదు. దారిలో ఒక షెడ్డులో నీళ్లు పోశారు, 'థర్మోస్టాట్ పీకేసి ఫ్యాను డైరెక్టు చేస్తే ఇక టెన్షన్ ఉండదు' అన్నారు. చేయించమంటారా? – ఒక పాఠకుడు, సప్తగిరి సర్కిల్, అనంతపురం

జవాబు: వద్దండీ. రెండూ వద్దు. దీనికి కాస్త పెద్ద జవాబే రాయాలి, ఎందుకంటే థర్మోస్టాట్ పీకేయడం మన జిల్లాల్లో ఒక అలవాటైపోయింది. పాత అంబాసిడర్లకీ జీపులకీ చేసేవాళ్లు, అప్పట్లో ఏదో నడిచిపోయింది.

మీ 523ఐలోనూ ఉన్నది పై జవాబులో చెప్పిన ఎన్52 ఇంజనే. దాని వాటర్ పంపు బెల్టుతో తిరగదు. కరెంటు మోటారుతో తిరుగుతుంది. ఎప్పుడు ఎంత వేగంగా తిప్పాలో కంప్యూటర్ చెప్తుంది, థర్మోస్టాట్, అంటే రేడియేటర్‌కి నీళ్లు వెళ్లే దారి తెరిచి మూసే వాల్వు, ఎప్పుడు తెరవాలో కూడా అదే చెప్తుంది. తేలిగ్గా నడుపుతున్నప్పుడు నీళ్లని 105 డిగ్రీలకి పైన ఉంచుతుంది, పెట్రోలు ఆదా అవుతుందని. గట్టిగా తొక్కినప్పుడు 80, 90 దగ్గరికి దించుతుంది. అంటే మీరు స్కానర్ పెట్టి 105 చూసి భయపడాల్సిన పని లేదు, ప్రెషర్ మూత బాగుంటే ఆ నీళ్లు మరగవు. థర్మోస్టాట్ పీకేస్తే కంప్యూటర్ అనుకున్నదొకటి, జరిగేదొకటి అవుతుంది. ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్‌లో తడి ఆరదు, చెక్ ఇంజన్ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇంత చేసినా అసలు జబ్బు అలాగే ఉంటుంది.

చుక్క కారకుండా, ముందు ఏ సూచనా లేకుండా, హైవే మీద ఒక్కసారిగా ఎర్ర గుర్తు వచ్చి ఫ్యాను అరిచిందంటే నాకు మొదటి అనుమానం ఆ కరెంటు పంపు మీదే. ఈ ఇంజనుకి అది తెలిసిన బలహీనత. లక్ష కిలోమీటర్లు, ఆ చుట్టుపక్కల, అది ఆగిపోవడం మామూలు. ఫ్యాను అరిచింది కూడా అందుకే, పంపు నీళ్లు తోయడం లేదు కాబట్టి కంప్యూటర్ చేతనైంది చేసింది. స్కానర్ పెట్టి పంపుని విడిగా నడిపించి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పంపు మారిస్తే థర్మోస్టాట్‌ని కూడా అదే రోజు మార్చేయండి, రెండూ పక్కపక్కనే ఉంటాయి, కూలీ ఒకటే. పంపు బోల్టులు మూడూ అల్యూమినియంవి, పై జవాబులో చెప్పిందే వీటికీ.

ఇక నీళ్లు పోయించిన సంగతి. ఆ షెడ్డులో పోసింది బోరు నీళ్లే అయ్యుంటాయి. అనంతపురం బోరు నీళ్లతో ఇంట్లో స్టీలు గిన్నె కాచి చూడండి, నాలుగు రోజులకే అడుగున తెల్లటి పొక్కు కడుతుంది, గోరుతో గీకితే సున్నంలా రాలుతుంది. అదే పొక్కు మీ రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ, హీటర్ లోపలా, పంపు రెక్కల మీదా కడుతుంది. పోయిన ఏడాది ఒక బండి పై హోసు ఊడదీస్తే లోపల చాక్‌పీసు పొడిలా తెల్లగా పేరుకుని ఉంది, వేలు పెట్టి తిప్పితే గరగరలాడింది. ఆ ఓనరు మూడేళ్లు బోరు నీళ్లే పోశాడట, మంచి మనిషి, ఎవరూ చెప్పక తెలియలేదు. మీరు వెంటనే మొత్తం వంపేసి, డిస్టిల్డ్ నీళ్లతో రెండుసార్లు కడిగించి, బీఎండబ్ల్యూకి సరిపడే నీలం రంగు కూలెంట్ సగం, డిస్టిల్డ్ నీళ్లు సగం కలిపి పోయించండి. బ్యాటరీ షాపులో క్యాన్లలో అమ్మే నీళ్లు అవే.

పోశాక గాలి తీయడం ఇంకో ముఖ్యమైన పని, ఇంజను స్టార్ట్ చేసి మూత తెరిచి తీసే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు. బ్యాటరీకి చార్జర్ తగిలించాలి. ట్యాంకు నిండా పోసి మూత బిగించి, ఇంజను స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, హెడ్‌లైటు డిమ్‌లో వేసి, హీటర్ వేడి పూర్తిగా పెంచి, గాలి మాత్రం బాగా తగ్గించి పెట్టండి. అప్పుడు యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా పది సెకన్లు తొక్కి పట్టి వదలండి. పంపు తనంతట తానే సుమారు 12 నిమిషాలు తిరుగుతుంది, చెవి పెడితే గుయ్‌మంటూ వేగం మార్చుకుంటూ వినిపిస్తుంది. ఆగాక లెవెల్ చూసి తక్కువైతే పోసుకోవాలి. కొత్త పంపు వేశాక కూడా గాలి సరిగ్గా తీయకపోతే మళ్లీ వేడెక్కుతుంది, పంపు నకిలీదని మెకానిక్కూ షాపువాడూ గొడవ పడతారు.

ఈ బండికి నీళ్ల వేడి చూపించే ముల్లు లేదు, ఎర్ర గుర్తు వచ్చేసరికే ఆలస్యం. అది వస్తే 'ఊరు నాలుగు కిలోమీటర్లే కదా' అనుకోవద్దు. పక్కకి తీసి ఆపేయండి, మే నెల మధ్యాహ్నమైనా సరే చెట్టు నీడ కోసం వెతుక్కుంటూ పోవద్దు. హెడ్ (సిలిండర్ల పైన బిగించే భాగం) వంగిందంటే ఆ ఖర్చు బండి విలువతో పోటీ పడుతుంది. మీరు ఎర్ర గుర్తు వచ్చాక ఎంత దూరం నడిపారో రాయలేదు. పంపు వేశాక కూడా కూలెంట్ తగ్గుతుంటే, పొద్దున తెల్ల పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించండి.

ప్రశ్న: పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజను పైనుంచి టిక్ టిక్ టిక్ మని కుట్టుమిషన్ శబ్దం. పది నిమిషాల తర్వాత కొన్నిసార్లు పోతుంది, కొన్నిసార్లు పోదు. 325ఐ, 2007. ఒక మెకానిక్ 'హాఫ్ ఇంజన్ పని' అని పెద్ద మొత్తం చెప్పారు. – ఒక పాఠకుడు, ఏడురోడ్ల కూడలి, కడప

జవాబు: హాఫ్ ఇంజన్ మాట పక్కన పెట్టండి. శబ్దం పైన హెడ్‌లో వస్తుంటే కింద పిస్టన్లు విప్పడం దేనికి? మీ ఎన్52కి ఇది పేరు పడ్డ శబ్దం, హైడ్రాలిక్ టాపెట్లది. వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య సందు లేకుండా చూసుకోవడానికి చిన్న గిన్నె లాంటి ముక్కలు ఉంటాయి, వాటిలో ఆయిల్ నిండి ఉండాలి. బండిని ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఆ గిన్నెల్లో ఆయిల్‌కి బదులు గాలి చేరుతుంది, అప్పుడు టిక్ టిక్. మీ బండి కడప బజారులోనే తిరుగుతోందని నా అంచనా. తర్వాతి ఏళ్ల ఇంజన్లకి హెడ్‌లో మార్పు చేసి ఈ బాధ తగ్గించారు, మీది అంతకు ముందుది.

ముందు ఆయిల్ లెవెల్ చూసి, పాతదైతే మార్చండి. తర్వాత ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి, ఒకచోట ఆపి, 2,500 నుంచి 3,000 ఆర్‌పీఎం దగ్గర మూడు నాలుగు నిమిషాలు పట్టి ఉంచండి, అరనిమిషం ఐడిల్‌లో వదలండి, మళ్లీ చేయండి. నాలుగైదు సార్లు. చాలా బండ్లలో అక్కడికక్కడే శబ్దం ఆగిపోతుంది. వారానికోసారి ప్రొద్దుటూరు దాకానో రాజంపేట దాకానో తిప్పి తెస్తే ఆ గాలి చేరే అవకాశమే తగ్గుతుంది. ఇంత చేసినా నెలలోపే తిరిగొస్తుంటే అప్పుడు టాపెట్లు మార్చుకోవాలి. అది కూడా హెడ్ పై పనే, హాఫ్ ఇంజన్ కాదు. శబ్దం టిక్ టిక్‌లా కాకుండా బరువుగా, కింద నుంచి దబదబ కొడుతుంటే మాత్రం బండి కదపొద్దు, అది వేరే జబ్బు.

ప్రశ్న: 523ఐ, 325ఐ రెండూ 2,497 సీసీయే కదా, ఒకదానికి 177 హార్స్‌పవర్, ఇంకోదానికి 218 ఎందుకు? అసలు వరుస ఆరు సిలిండర్లని అంత పొగుడుతారు, ఏముంది అందులో? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కర్నూలు

జవాబు: ముఖ్యంగా ఇంటేక్ మానిఫోల్డ్, కంప్యూటర్ ప్రోగ్రామింగు. 218 రకంలో గాలి దారి పొడవు మార్చే రెండు ఫ్లాపులు ఉంటాయి, తక్కువ ఆర్‌పీఎంలో పొడవు దారి, ఎక్కువలో పొట్టి దారి. 177 దానికి అవి లేవు. లేకపోవడం వల్ల ఒక మేలుంది, ఆ ఫ్లాపులు పాతబడి గలగలమని మోగే బాధ 523ఐ ఓనర్లకి ఉండదు.

రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. ఒక పిస్టన్ పైకి పోయి ఆగి కిందికి తిరిగినప్పుడల్లా ఇంజనుని ఒక కుదుపు కుదుపుతుంది. వరుస ఆరులో ఒకటీ ఆరూ, రెండూ ఐదూ, మూడూ నాలుగూ జతలుగా కలిసి కదులుతాయి, ఒక్కో జతకీ మధ్య క్రాంక్ మీద 120 డిగ్రీల ఎడం. మూడు జతల కుదుపులూ ఒకదాన్నొకటి సరిగ్గా చంపుకుంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో మొదటి రకం కుదుపు చచ్చినా, ఆర్‌పీఎంకి రెట్టింపు వేగంతో వచ్చే రెండో రకం మిగిలిపోతుంది, అందుకే పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజన్లకి బ్యాలెన్స్ షాఫ్టులు పెడతారు. ఆరుకి అవసరం లేదు. మంట కూడా 1-5-3-6-2-4 వరుసలో ప్రతి 120 డిగ్రీలకీ ఒకటి. ఒకే రోట్లో ఇద్దరు రోకలి పోట్లు వేస్తే మధ్యలో ఖాళీ తెలుస్తుంది, ముగ్గురు తాళం తప్పకుండా వేస్తుంటే ఆ దంపుడు తెంపు లేకుండా వినిపిస్తుంది చూడండి, అలాగ. బాగున్న ఎన్52ని ఐడిల్‌లో ఉంచి వాల్వ్ కవర్ మీద చెయ్యి పెట్టండి, మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, నాన్నగారి 325ఐ ఇప్పుడు నేను వాడుతున్నాను. కాలేజీకి వెళ్లడానికే, నెలకి 300 కిలోమీటర్లు కూడా తిరగదు. ఇప్పుడు బంకుల్లో అంతా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఇంజను పాడవుతుందని అందరూ భయపెడుతున్నారు. – ఒక అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, రేపే పాడైపోదు, అలాగని నిశ్చింతగానూ ఉండొద్దు. ఆ తరం బండ్లు 10 శాతం ఇథనాల్ వరకు లెక్క వేసి చేసినవి. 20 శాతానికి ఇంజను లోపల పెద్ద ఇబ్బంది లేదు, ఎగ్జాస్టులోని సెన్సర్ చూసుకుని కంప్యూటర్ పెట్రోలు పెంచుకుంటుంది. ఆక్టేన్ (ఒత్తిడికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) కూడా 95, ఇదివరకటి మామూలు పెట్రోలు 91 కంటే ఎక్కువ, 11:1 కంప్రెషన్ ఇంజనుకి అది మంచిదే. మైలేజీ మాత్రం తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికి సుమారు మూడింట రెండు వంతులే. లీటరుకి 10 ఇచ్చే బండి 9.3 దగ్గరికి వస్తుంది.

మీ విషయంలో నాకు ఆందోళన బండి నిలబడి ఉండటం గురించి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఫుల్ ట్యాంకు పోయించి మూడు నెలలు తిప్పడం మానేయండి, తక్కువ తక్కువగా పోయిస్తూ నెల రోజుల్లో ఖర్చయ్యేలా చూసుకోండి. సెలవుల్లో ఊరెళ్తుంటే మాత్రం ట్యాంకు నింపి వెళ్లండి, లోపల గాలి తక్కువుంటే తేమా తక్కువే. ట్యాంకు నుంచి ఇంజను దాకా ఉన్న రబ్బరు పైపులు, ఇంజెక్టర్ల ఓరింగులు ఏడాదికోసారి చూపించండి. ఇంజను దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆరోజుకి ఆటోలో వెళ్లండి, బండి తీయొద్దు. నాన్నగారు బండి సర్వీసు పుస్తకం రాసి ఉంటే దాన్ని పారేయకండి, అందులో పంపు ఎప్పుడు మార్చారో దొరికితే నాకు రాయండి.

ప్రశ్న: అన్నా, మా చిన్నాన్న ఎప్పుడో ఆర్మీ వేలంలో తీసుకున్న పెట్రోలు జోంగా నా చేతికొచ్చింది. కడప నుంచి రాయచోటి పోతుంటే గువ్వలచెరువు ఘాట్‌లో సగానికొచ్చి నిలిచిపోతుంది. ఇరవై నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. చలికాలంలో ఏ బాధా లేదు. – ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: ఈ ఉత్తరం చదివి ఎంత సంతోషమైందో. జబల్‌పూర్‌లో తయారైన నిస్సాన్ పెట్రోల్ అది, 1969 నుంచి మన సైన్యానికి చేశారు. 3,956 సీసీ, బోరు 85.7, స్ట్రోకు 114.3 మిల్లీమీటర్లు. బోరు కంటే స్ట్రోకు ఎంత పొడవో చూడండి, అందుకే తక్కువ ఆర్‌పీఎంలో ఎద్దులా లాగుతుంది.

మీ బాధకి పేరు వేపర్ లాక్. పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోంది, పంపు ఆవిరిని తోయలేదు, కార్బురేటర్ ఎండిపోతుంది. చల్లబడగానే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది, స్టార్టవుతుంది. ఘాట్‌లో బండి నెమ్మదిగా, ఇంజను బరువుగా, గాలి తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడే ఆగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ బాధ పెరిగే వీలుంది. ఈసారి ఆగినప్పుడు ఫ్యూయల్ పంపు మీద తడి గుడ్డ వేసి చూడండి. ఇరవై నిమిషాలు ఐదుకి తగ్గితే జబ్బు అదే. అక్కడ పాలకోవా కొట్ల దగ్గర నీళ్లు దొరుకుతాయి, కానీ వేడిగా ఉన్న రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

శాశ్వతంగా పోవాలంటే పెట్రోలు పైపు ఎగ్జాస్టుకి ఎంత దగ్గరగా పోతోందో చూసి, వీలైనంత దూరం జరిపించండి, మధ్యలో ఒక రేకు కట్టించండి, పైపుకి వేడి తగలని తొడుగు వేయించండి. పంపు లోపలి రబ్బరు పొర పాతదైతే ఈ పెట్రోలుకి తట్టుకోదు, కొత్తది వేయించండి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బురేటర్ మిశ్రమం పలచబడుతుంది, కంప్యూటర్ లేదు కదా సరిచేసుకోవడానికి. ప్లగ్గు విప్పితే కొన తెల్లగా ఉంటే జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) ఒక సైజు పెంచాల్సిందే.

ఇంకో మాట. మన దేశంలో 2000 సంవత్సరం దాకా సీసం కలిసిన పెట్రోలు అమ్మారు. ఆనాటి ఇంజన్లలో వాల్వు కూర్చునే చోటికి ఆ సీసమే మెత్తటి పొరలా రక్షణ. ఇప్పుడది లేదు. గట్టి సీట్లు వేయించని హెడ్ అయితే ఎగ్జాస్టు వాల్వు కొద్దికొద్దిగా సీటులోకి దిగిపోతుంది, టాపెట్ సందు తగ్గుతూ వస్తుంది. సర్వీసు చేయించినప్పుడల్లా పన్నెండు వాల్వుల సందూ ఫీలర్ గేజితో కొలిపించి, ఒక నోటు పుస్తకంలో తారీఖు వేసి రాసుకోండి. రెండు సర్వీసుల మధ్య ఎగ్జాస్టు వాల్వుల అంకెలు తగ్గుతుంటే ఘాట్ ఎక్కించడం ఆపి, హెడ్ దింపించి కొత్త సీట్లు వేయించండి.